చీటీ పాటను కాన్స్ దాకా మోసుకెళ్ళా: ఒక టీవీ ఫార్మాట్ అమ్మబోయిన నా అనుభవం

మొన్న అక్టోబరు 14న నాకో మెయిల్ వచ్చింది. రెండే వాక్యాలు. ఆప్షన్ (నా షోను ఇంకెవరికీ అమ్మకుండా కొన్నాళ్ళు తమ దగ్గరే ఉంచుకునే ఒప్పందం) గడువు ముగిసింది, హక్కులు తిరిగి మీకే చెందుతాయి అని. చీటీ పాటను గేమ్ షోగా మలిచి, దాని ఫార్మాట్‌ను, అంటే ఏ దేశంవాళ్ళైనా మళ్ళీ తీసుకోగలిగే షో పద్ధతిని, బయట అమ్మాలని 2022 జూన్‌లో మొదలుపెట్టిన పని, మూడేళ్ళ నాలుగు నెలలకు అలా తేలింది.

"నా దగ్గర మంచి షో ఐడియా ఉంది, బయటి దేశాలవాళ్ళు కొంటారటగా, ఎలా?" అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్ళు కనీసం అరడజను మంది. ప్రతివాళ్ళకూ ఫోన్లో గంటసేపు చెప్పలేక ఇది రాస్తున్నా. తేదీలు నా డైరీలోవి. ఖర్చులు మా ఆయన ఎక్సెల్ షీట్‌లోవి. మర్చిపోదామనుకున్నా ఆ షీట్ మర్చిపోనివ్వదు.

పన్నెండేళ్ళుగా కృష్ణానగర్‌లో ఉంటూ తెలుగు ఛానళ్ళ గేమ్ షోలకు ప్రశ్నలు, యాంకర్ కార్డులు రాస్తున్నా. వాటిలో రెండు బయటి నుంచి లైసెన్స్ తెచ్చుకున్న షోలు. మొదటిసారి అలాంటి షోకి పనిచేసినప్పుడు విదేశం నుంచి ఒకాయన వచ్చాడు. ఫ్లయింగ్ ప్రొడ్యూసర్ అంటారు. చేతిలో లావుపాటి ఫైలు. దాన్ని బైబిల్ అంటారు. కుర్చీ ఎంత ఎత్తుండాలి, ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లకు లైటు తగ్గాలి, ఓడినవాడు ఏ వైపు నుంచి బయటికి నడవాలి, అన్నీ అందులో ఉన్నాయి. మా డైరెక్టర్ గారు "మనకు తెలియదా ఏంటి" అని లైటు టైమింగ్ మార్చారు. ఆ ఫ్లయింగ్ ప్రొడ్యూసర్ ఏమీ అనలేదు, ఫైలు తిప్పి ఒక పేజీ చూపించాడు. అలా మార్చిన దేశంలో ఏమైందో అందులో రాసి ఉంది. మావాళ్ళు మళ్ళీ పాత టైమింగే పెట్టారు. ఆ రోజు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి ఎనిమిది లక్షల చిల్లర అయింది.

మనం ఇంతకాలం కొన్నవాళ్ళమే. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' 1998లో ఇంగ్లండ్ ఐటీవీలో పుట్టి, 2000లో హిందీకి వచ్చి, 2014లో నాగార్జునతో మా టీవీకి చేరింది. బిగ్ బాస్ 1999 నాటి డచ్ షో, 2017లో తెలుగైంది. ఇటు నుంచి అటు పోయిన సరుకు ఏదని నన్ను నేను అడుగుతూ ఉండేదాన్ని. ఉక్రోషమే, ఇంకేం కాదు.

2022 జూన్‌లో గుంటూరు వెళ్ళా. బ్రాడీపేటలో మా అమ్మావాళ్ళ వీధిలో ప్రతి నెలా చీటీ పాట జరుగుతుంది. వరండాలో చాప, స్టీలు గ్లాసుల్లో టీ. ఆ నెల ఒకావిడకు కూతురి కాలేజీ ఫీజు కట్టాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. తనకు డబ్బు అవసరమని మిగతావాళ్ళకు తెలియకూడదని ఆవిడ పడే తంటా, తెలిసినవాళ్ళు పాట పెంచడం, ఆవిడ మొహం, చివరికి పాడుకుని మెటికలు విరుచుకోవడం! ఒకరి అవసరం మిగతా అందరికీ డివిడెండ్. ఇంతకంటే గేమ్ షో ఏముంటుంది? రాత్రి బస్సులోనే పది పేజీలు రాశా. ఐదుగురు ఆటగాళ్ళు, ఐదు రౌండ్లు. ప్రతి రౌండులో అందరూ ప్రశ్నలకు జవాబులు చెప్పి వాయిదా సంపాదించి కుండలో వేస్తారు. ఆ కుండ ఎవరికి కావాలో పాట పాడతారు. ఎక్కువ వదులుకున్నవాళ్ళకు కుండ, వదులుకున్నది మిగతావాళ్ళకు. ఒకసారి ఎత్తినవాళ్ళు మళ్ళీ పాడకూడదు, వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాలి.

ఆ పది పేజీలను పట్టుకుని నేను కోటీశ్వరురాలినై పోయినట్టు ఒక వారం తిరిగా.

ఆగస్టులో కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్లో వేశా. సాహిత్య రచన కింద ఫీజు 500 రూపాయలే. డైరీ నంబరు, అంటే దరఖాస్తు నంబరు, వెంటనే వస్తుంది, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. నేను ఒక కాగితం మీద సంతకం పెట్టడం మర్చిపోయా, దాంతో ఉత్తరం, జవాబు. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి 2023 ఏప్రిల్. లామినేషన్ చేయించి లాయరు గారికి చూపించా. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ పది పేజీలను ఎవరూ జిరాక్స్ తీయకుండా ఇది ఆపుతుందమ్మా. ఆటను కాదు" అన్నారు.

ఆయన చెప్పిన కేసులు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఐడియాకు కాపీరైట్ ఉండదని తేల్చింది. ఇంగ్లండ్‌లో హ్యూయీ గ్రీన్ అనే యాంకర్ 'ఆపర్చునిటీ నాక్స్' అని టాలెంట్ షో నడిపేవాడు. చప్పట్లు కొలిచే మీటరు, ఊతపదాలు, అన్నీ న్యూజిలాండ్‌లో వాడేశారని కోర్టుకెక్కాడు. 1989లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో న్యూజిలాండ్ కేసులకు ఆఖరి కోర్టు, లండన్‌లో ఉంది) దాకా వెళ్ళి ఓడిపోయాడు. మరి మనకు దిక్కేమిటండీ అంటే, నమ్మకద్రోహం అనే దారి ఉందన్నారు. జీ టెలిఫిల్మ్స్, సండయల్ కేసులో 2003లో బాంబే హైకోర్టు, నమ్మకంతో చూపించిన కాన్సెప్ట్‌ను వాడుకోకూడదని చెప్పిందట. "కాబట్టి ఎవరికి ఏది చూపించినా మెయిల్లో పంపు, గోప్యమని రాయి, తేదీ ఉంచుకో. నోటితో చెప్పిందేదీ నీది కాదు." ఈ ముక్కకు ఆయన ఫీజు తీసుకోలేదు.

అప్పటికే ఆలస్యమైంది. 2022 నవంబరు నుంచి నాలుగు నెలలు ఛానళ్ళ చుట్టూ తిరిగి నోటితో చెప్పేసే ఉన్నా. అందరూ అడిగిందొకటే: యాంకర్ ఎవరు? ఒకచోట మాత్రం ఒకాయన గంటన్నర కూర్చోబెట్టి, టీ ఇప్పించి, నోట్స్ రాసుకుని మరీ విన్నారు. 2023 దసరాకు ఒక ఛానల్ పండగ స్పెషల్‌లో ఆడవాళ్ళు కుండ ముందు కూర్చుని వేలం పాడే రౌండు వచ్చింది. మా అమ్మ ఫోన్ చేసి "నీ ఆట వేస్తున్నారే!" అంది సంతోషంగా. నేనే రాశాననుకుంది. ఆ ఫోన్ ఎలా పెట్టేశానో నాకు గుర్తు లేదు. ఏడ్చానని మాత్రం గుర్తుంది. లాయరు గారు చూసి "కుండ అందరిదీ, వేలం అందరిదీ. నువ్వు చెప్పినట్టు రుజువేది?" అన్నారు. ఆ రౌండు బాగోలేదు కూడా. ఎవరూ పాడలేదు, యాంకరే అరుస్తూ పాడించింది. నాకు ఆ కోపంలో కూడా ఒక మూల వెలిగింది: ఎవరూ ఎందుకు పాడలేదు?

అక్టోబరు నుంచి మా అపార్ట్‌మెంట్ హాల్లో ఆడించడం మొదలుపెట్టా. పక్క ఫ్లాట్లవాళ్ళు, వాచ్‌మన్, మా ఆడపడుచు. డబ్బు బదులు చింతపిక్కలు. మొదటి మూడు రోజులూ అదే గోల, ఎవరూ పాడరు. అందరూ ఆఖరి కుండ కోసమే కాచుక్కూర్చున్నారు. తొందరపడినవాడికే నష్టమని పిల్లలకు కూడా తెలిసిపోయింది. అప్పుడు 'అవసరం' చీటీలు వచ్చాయి. ఆట మొదట్లోనే ప్రతివాళ్ళకూ రహస్యంగా ఒక కార్డు ఇస్తాం: మూడో రౌండులోపు ఆసుపత్రి బిల్లు కట్టాలి, రెండో రౌండులోపు ఇంటి పైకప్పు వేయాలి. కట్టకపోతే సగం పాయింట్లు పోతాయి. మన బ్రాడీపేట వరండా అప్పటికి హాల్లోకి వచ్చింది. అందరూ అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టారు. వాచ్‌మన్ మల్లయ్య తనకు అవసరమే లేనట్టు కాలు మీద కాలు వేసుకుని కూర్చుని అందర్నీ ముంచాడు.

పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, తీయకుండా ఎవరూ చూడరని తెలుసు. డబ్బు? ఇక్కడే నవ్వొచ్చే సంగతి. మా అమ్మ పేరు మీద ఒక చిట్ ఫండ్ కంపెనీలో ఐదు లక్షల చీటీ, 20 నెలలు, నెలకు 25 వేలు. 2023 నవంబరులోనే మొదలైంది. డిసెంబరులో, అంటే రెండో నెలలోనే, మా అమ్మ లక్షా 35 వేలు పోగొట్టుకుని పాడేసింది. చేతికి 3 లక్షల 65 వేలు. "ఆఖర్న తీసుకుంటే మంచి లాభం ఉండేదమ్మా" అన్నా. "నీకు ఇప్పుడు కావాలిగా" అంది. మిగతా వాయిదాలు నేను కట్టాలని ఒప్పందం. డబ్బు ఇవ్వడానికి జామీను సంతకాలు కావాలన్నారు, జీతం సర్టిఫికెట్లతో సహా. స్కూలు మాస్టారైన మా బాబాయి మూడు రోజులు ఆలోచించి, పిన్ని చేత నాలుగు మాటలు అనిపించుకుని, పెట్టారు. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆయన పెన్ను ఆగిన తీరు చూసి ఆటలో జామీను పెట్టా. ప్రతి ఆటగాడి వెనకా సోఫాలో ఒక చుట్టం. ఆటగాడు వాయిదా కట్టలేకపోతే ఆ చుట్టం జవాబు చెప్పి కట్టాలి.

2024 జనవరి, సంక్రాంతి వెళ్ళాక ఒక్క రోజులో పైలట్ తీశాం. ఫ్లోరు అద్దె, నాలుగు కెమెరాలు, లైట్లు, భోజనాలు కలిపి 4 లక్షల 60 వేలు. పన్నెండు గంటల షిఫ్టు దాటితే యూనిట్‌కు అదనం ఇవ్వాలి, దాటింది, ఇచ్చాం. మరి దేనికి దాటిందంటే, జామీను సోఫా ఆటగాళ్ళ వెనకే వేశాం, కెమెరాకు మొహాలు పడలేదు. సెట్ తిప్పి మళ్ళీ తీశాం. ఒక అన్నయ్య తప్పుడు జవాబు చెబితే చెల్లెలు అతని వైపు చూసిన చూపు ఒక్కటి పడింది. దాని కోసం సెట్ తిప్పినా తప్పులేదనిపించింది. ఆ రోజు జరిగిన పొరపాట్లన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసిపెట్టా. ఎందుకో కాదు, మా అసిస్టెంట్లను తిట్టడానికి.

ఏ దేశంలో అమ్మాలన్నా బజారు ఒకటుంది. ఫ్రాన్స్‌లోని కాన్స్‌లో అప్పట్లో ఏటా ఏప్రిల్‌లో మిప్‌టీవీ, అక్టోబరులో మిప్‌కామ్ జరిగేవి. నేను వెళ్ళింది 2024 ఏప్రిల్‌లో. 1963 నాటి ఆ మిప్‌టీవీకి అదే ఆఖరు, తర్వాత ఫిబ్రవరిలో లండన్‌కు మారింది. ఆఖరి పెళ్ళి బంతికి చేరుకున్నట్టయింది నా పని. వెళ్ళే ముందు ఫ్రాపా అనే ఫార్మాట్ల సంఘం దగ్గర కూడా నా ఆటను నమోదు చేయించా. అది చట్టమేమీ కాదు, ఫలానా తేదీకి ఫలానావారి దగ్గర ఇది ఉందని ఒక ముద్ర. కానీ కొనేవాళ్ళు అది చూసి కాస్త సర్దుకు కూర్చుంటారు.

వీసా ఫీజు అప్పట్లో 80 యూరోలు, సర్వీసు చార్జీ వేరే. వేలిముద్రల అపాయింట్‌మెంట్ దొరకడానికే మూడు వారాలు. పాస్‌పోర్టు ప్రయాణానికి ఎనిమిది రోజుల ముందు చేతికొచ్చింది. అప్పటిదాకా టికెట్ డబ్బులు పోతాయన్న టెన్షన్‌తో నాకు నిద్ర లేదు. బ్యాడ్జ్ (లోపలికెళ్ళే పాసు), విమానం, గది కలిపి 2 లక్షల 90 వేలు. కాన్స్‌లో గది దొరకడం మనలాంటివాళ్ళ పని కాదు. నీస్‌లో ఉండి రోజూ రైల్లో అరగంట పైగా వెళ్ళొచ్చా. అదే మేలు, రైల్లో పిచ్, అంటే కొనేవాళ్ళకు చెప్పాల్సిన ముక్కలు, వల్లె వేసుకోవచ్చు.

వెళ్ళేముందే మీటింగులు పెట్టుకోవాలి. అరవై మెయిళ్ళు పంపితే తొమ్మిది జవాబులు. ఒక్కో మీటింగు ఇరవై నిమిషాలు. అందులో మొదటి ఐదు నిమిషాలు కాఫీ గురించి, చివరి ఐదు వాళ్ళ తర్వాతి మీటింగు గురించి. సినిమా పండగకు నటులు ఎక్కే ఆ 24 మెట్లున్న భవనంలోనే ఇదంతా. లోపలికెళితే కిటికీలు లేని నేలమాళిగలో స్టాళ్ళు. బయట సముద్రం ఉందని మూడో రోజు తెలిసింది నాకు.

నా ఆటకు ఇంగ్లీషులో 'ద పాట్' అని పేరు పెట్టుకున్నా. పాట్ అంటే కుండ. మన పాట, వాళ్ళ పాట్, కుదిరింది కదా అని మురిసిపోయా. మొదటి మీటింగులో ఒకావిడ కార్డు చూసి ఫక్కున నవ్వింది. పాట్ అంటే గంజాయి అట. రాత్రికి రాత్రి 'హూ కాంట్ వెయిట్' అని మార్చి, కార్డుల మీద పెన్నుతో దిద్దా.

తొమ్మిది మీటింగుల్లోనూ మొదటి ప్రశ్న ఒకటే. ఇది ఎక్కడ ప్రసారమైంది? ఎక్కడా కాలేదంటే వాళ్ళ కళ్ళు నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళిపోయేవి. కాగితం మీది ఆటను వాళ్ళు పేపర్ ఫార్మాట్ అంటారు, ఆ మాట అనేటప్పుడు గొంతులో మర్యాద ఉంటుంది కానీ డబ్బు ఉండదు. ఇంకో దేశంలో ఆడి, రేటింగులు తెచ్చుకున్న షో అయితే ధర వేరు. కొరియా పాటల షోలు, ఇజ్రాయెల్ షోలు గోడలంతా పోస్టర్లేసుకుని కూర్చున్నాయి. నా చేతిలో రెండున్నర నిమిషాల వీడియో, చెల్లెలి చూపు.

రెండో రోజు, ఏప్రిల్ 9, ఉగాది. అమ్మ కాగితంలో చుట్టి సూట్‌కేసులో దాచిన ఎండు వేపపువ్వు, కాస్త బెల్లం, చింతపండు ఉన్నాయి. మామిడికాయ లేదు. పచ్చ ఆపిల్ తరిగి వేశా. క్రోధి నామ సంవత్సరం, పేరుకు తగ్గట్టే ఉంది మొదటి రోజు అనుకుంటూ రైలెక్కా. ఆ మధ్యాహ్నమే ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఒక ప్రొడ్యూసరు గారు నా స్లయిడు రెండోది దాటకముందే "టోంటీన్!" అని టేబుల్ మీద కొట్టారు. వాళ్ళమ్మ కూడా వేస్తుందట. పశ్చిమ ఆఫ్రికాలో ఆడవాళ్ళ చీటీలకు ఆ పేరు. పక్క టేబుల్ కొరియా ఆయన విని, మాకూ 'కె' అని ఉందన్నాడు. మెక్సికోలో 'టాండా', ఇండొనేషియాలో 'అరిసాన్'. నేను గుంటూరు నుంచి మోసుకొచ్చింది సగం ప్రపంచానికి పాతదే. ఇంగ్లండ్, జర్మనీ వాళ్ళకు మాత్రం ఎంత చెప్పినా, "ఇది జూదమా, బ్యాంకా?" అనే అడిగారు. డబ్బేమో వాళ్ళ దగ్గరుంది.

తిరిగొచ్చాక ఏడు వారాలు ఒక్క మెయిల్ లేదు. ఫాలో అప్ పంపితే సెలవు మీద ఉన్నామని ఆటోమేటిక్ జవాబులు. ఈ ఏడు వారాలే అన్నిటికంటే కష్టం. ఇక్కడ నెలకు వాయిదా కట్టాలి, పనులు ఒప్పుకోవాలి, ఫోన్ మోగితే ఉలిక్కిపడాలి. మే నెలాఖరున లండన్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ (షోల ఫార్మాట్లను దేశదేశాల ఛానళ్ళకు అమ్మిపెట్టే కంపెనీ) నుంచి మెయిల్. వాళ్ళకు చీటీ అర్థం కాలేదట, జామీను సోఫా నచ్చిందట.

ఒప్పందానికి జూన్ నుంచి అక్టోబరు దాకా పట్టింది. ఆప్షన్ అంటే కొనడం కాదు. పన్నెండు నెలలు ఇంకెవరికీ అమ్మకుండా నా చేతులు కట్టేసినందుకు ఇచ్చే అడ్వాన్స్. ఇండియా తప్ప ప్రపంచమంతా వాళ్ళది. ఎక్కడైనా షో పడితే ఎపిసోడ్ బడ్జెట్‌లో కొంత శాతం లైసెన్స్ ఫీజు, అందులో 35 శాతం వాళ్ళ కమిషన్. ఎపిసోడ్‌కు 6 శాతం అడిగా, 'లభించినంత' అని రాయించారు. హక్కులు గడువు తీరగానే వాటంతటవే నాకు తిరిగిరావాలన్న వాక్యం కోసం లాయరు గారు మూడు వారాలు పట్టుబట్టారు. అప్పుడు విసుక్కున్నా. ఆయన ఫీజు 65 వేలు, ఆ ఒక్క వాక్యానికే చెల్లు.

ఎవరూ చెప్పనిది ఇంకోటి. చెయిన్ ఆఫ్ టైటిల్ అని అడిగారు. అంటే పైలట్‌లో వేలు పెట్టిన ప్రతివాళ్ళూ మాకేం హక్కు లేదని సంతకం పెట్టిన కాగితం. కెమెరామన్, సెట్ వేసినతను, సంగీతం ఇచ్చిన కుర్రాడు, ఐదుగురు ఆటగాళ్ళు, ఐదుగురు జామీన్లు. ఆ అన్నయ్య ఈలోపు కువైట్ వెళ్ళిపోయాడు. చెల్లెలికీ అతనికీ మాటల్లేవు, మా షో వల్లే అని ఆమె అంటుంది. నేను మధ్యవర్తినై ఇద్దరినీ వీడియో కాల్లో కలిపి, సారీలు చెప్పించి, సంతకం తెప్పించుకున్నా. షూటింగ్ రోజే ఆ కాగితాల మీద సంతకాలు తీసుకోండి, భోజనం పెట్టకముందే.

2024 అక్టోబరు 14న సంతకాలయ్యాయి. అడ్వాన్స్ 2,500 పౌండ్లు. వాళ్ళ అకౌంట్స్‌వాళ్ళు దీన్ని రాయల్టీగా లెక్కగట్టి 20 శాతం పన్ను కోస్తామన్నారు. ఇండియా, ఇంగ్లండ్ ఒప్పందం ప్రకారం 15 శాతమే. అది కావాలంటే నేను ఇక్కడి పన్ను చెల్లింపుదారునని ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ పంపాలి. అప్పట్లో ఫారం 10ఎఫ్ఏ వేస్తే ఆ సర్టిఫికెట్‌ను 10ఎఫ్‌బీగా ఇచ్చేవారు. దానికి ఏడు వారాలు. ఆ 5 శాతం కోసం అంత ఆగాలా అంటే, ఆగాలనే మా ఆయన అన్నారు. పైగా కోసిన 15 శాతాన్ని ఇక్కడి రిటర్న్‌లో చూపించుకోవడానికి ఫారం 67 వేరే వేయాల్సి వచ్చింది. డబ్బు 2025 జనవరిలో పడింది, బ్యాంకు చార్జీలు పోగా 2 లక్షల 23 వేల చిల్లర. డబ్బు దేనికని బ్యాంకులో అడిగితే "ఆట అమ్మానండీ" అన్నా. ఆ క్లర్కు గారు ఏ కోడ్ కింద వేయాలో తెలియక మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళారు. మేనేజరు గారికి బిగ్ బాస్‌లో చేరడం ఎలాగో తెలుసుకోవాలని ఉంది.

డబ్బు పడ్డాక అసలు పని మొదలైంది, బైబిల్ రాయడం. నేను ముప్ఫై పేజీలు అందంగా రాసి పంపా. మన చీటీ సంప్రదాయం, ఆడవాళ్ళ ఐకమత్యం, అన్నీ. వాళ్ళ డెవలప్‌మెంట్ అమ్మాయి అవన్నీ పక్కన పెట్టి, మీరు చేసిన తప్పులేమిటి అని అడిగింది. ఐదుగురే ఎందుకు, ఆరుగురైతే ఏమైంది? ఎవరూ పాడకపోతే? ఇద్దరు ఒకే మొత్తం పాడితే? సోఫా ఎక్కడ వేసి ఎలా చెడిపోయింది? నా లాంగ్ నోట్‌బుక్ తీశా. అసిస్టెంట్లను తిట్టడానికి రాసిన పేజీలన్నీ ఫోటో తీసి, ఇంగ్లీషు చేసి పంపా. ఆవిడ మొదటిసారి రెండు ఆశ్చర్యార్థకాలతో జవాబిచ్చింది. ఆ ఫ్లయింగ్ ప్రొడ్యూసరు ఫైలులోని పేజీ నాకు అప్పుడు గుర్తొచ్చింది. మార్చి నెలాఖరుకు బైబిల్ 84 పేజీలైంది. సగానికి పైగా మేం ఎలా చెడగొట్టామో ఉంది.

మేలో లండన్‌లో వాళ్ళ ఆఫీసులో రన్‌త్రూ చేశారు, అంటే ఆటను ఒకసారి ఆడించి చూశారు. నేను జూమ్‌లో చూశా. రాత్రి పది, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పక్కన పిల్లవాడు నిద్రపోతుంటే. నా ఆట సముద్రం అవతల ఎవరో ఆడుతున్నారంటే గొంతు పట్టేసింది. పది నిమిషాలు. తర్వాత ఒకతను 'ఆసుపత్రి బిల్లు' కార్డు తీసి అయోమయంగా చూశాడు. అక్కడ ఆసుపత్రికి బిల్లు ఉండదుగా, ప్రభుత్వానిదే. అవసరమే లేనిచోట పాట ఏం పాడతాడు? ఆసుపత్రి పోయి ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ రిపేరు వచ్చింది. కూతురి ఫీజు పోయి స్నేహితురాలి పెళ్ళికి విమానం టికెట్ వచ్చింది. అది సరే. జామీను సోఫాలో కూర్చున్న ఒకావిడ మాత్రం "మా తమ్ముడు ఓడితే నేనెందుకు కట్టాలి?" అని నిజంగానే అడిగింది. గది అంతా ఆమెతో ఏకీభవించింది. నేను మ్యూట్‌లో ఉన్నా. ఉండకపోతే బాబాయి పెన్ను సంగతి చెప్పేదాన్నేమో.

జామీను తీసేసి 'పార్ట్‌నర్' అని పెట్టారు. ఆ తర్వాత అది ఇంకో ఆటైపోయింది. ఆగస్టులో ఒక ఛానల్‌కు చూపించారట, ఛానల్‌వాళ్ళు బాగుంది గానీ ఇది ఎక్కడ ప్రసారమైంది అని అడిగారట. సెప్టెంబరులో మెయిళ్ళు పలచబడ్డాయి. అక్టోబరు 14న ఆ రెండు వాక్యాలు.

ఎక్సెల్ షీట్ చివరి వరస: పెట్టింది 8 లక్షల 40 వేలు, వచ్చింది 2 లక్షల 23 వేలు. అమ్మ చీటీ జూన్‌లోనే తీరిపోయింది. ఆఖరి వాయిదా కట్టిన రసీదు బాబాయికి వాట్సాప్ చేస్తే, ఏడాదిన్నరగా రాని గుడ్ మార్నింగ్ మెసేజ్ మర్నాడు వచ్చింది.

మెయిల్ వచ్చిన రాత్రి ఏడవలేదు, ఆశ్చర్యంగా. ఐవరీ కోస్ట్ ప్రొడ్యూసరు గారి కార్డు వెతికి, హక్కులు మళ్ళీ నా దగ్గరే ఉన్నాయని రాశా. నాలుగు రోజులకు జవాబొచ్చింది. అడ్వాన్స్ ఎక్కువ ఇవ్వలేమన్నారు, చాలా తక్కువే. మొదట ఒక్కటి పంపమన్నారు: సోఫా తప్పుగా వేసిన పేజీ.

అమ్మకు ఫోన్ చేసి చెప్పా. "వాళ్ళల్లో కూడా జామీను ఉంటుందంటనా?" అని అడిగింది. ఉంటుందట అన్నా. "అయితే ఇచ్చెయ్" అంది.